పారకు మందపు లైను, వంజరానికి సన్నపు లైను

వేడుకకు చేపలు పట్టేవారిలో రెండు తెగలున్నాయి. సన్నని లైనుతో పెద్ద చేపను తగులుకుని, గంటసేపు దానితో పెనుగులాడి గెలవడమే అసలైన నేర్పు అనుకునేవారు ఒక తెగ. పట్టిన చేపను తిరిగి నీళ్లలోకి వదలాలని ముందే నిశ్చయించుకున్నప్పుడు దానిని వీలైనంత త్వరగా పడవ పక్కకు చేర్చాలి, అందుకు తగిన బలమైన సరంజామా చేతిలో ఉండాలి అనేవారు మరో తెగ. నా మిత్రుడు మొదటి తెగ, నేను రెండవ తెగ. విశాఖపట్నంలో ఒకే బెంచీ మీద చదువుకున్న నాటి నుంచి మా ఇద్దరి మధ్య తెగని తగవులు చాలానే ఉన్నాయి కానీ, వాటిలో ఒకదానికి సాక్ష్యాధారాలతో సహా విచారణ జరిగినది మాత్రం అండమాన్ సముద్రంలో, ఉగాది మరునాడు, ఒక ఫైబర్ బోటులో.

నిజానికి ఉగాది నాడే బయలుదేరాలని మా ఆలోచన. బోటు నడిపే అన్న అందుకు ఒప్పుకోలేదు. ఆయన తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన మత్స్యకార కుటుంబానికి చెందినవారు. 2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు గానీ రేవులో ఇంకా పాత పేరే వినిపిస్తుంది. జంగ్లీఘాట్ రేవు పరిసరాలలో ఇటువంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. అందువల్ల పండుగ పూట పడవ కదలదనే నియమం అక్కడ మాకు వింతగా తోచలేదు. "పండగ రేపుంది బాబూ, ఎల్లుండి ఎల్దాం. ఎల్లుండికి నీరు కూడా బాగా నడుస్తాది" అన్నారాయన. రెండో మాట మొదటి మాటకు సాకు కాదు. అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దదవుతుందని అందరికీ తెలుసు, కానీ నీటి లాగుడు అసలు జోరు అందుకునేది ఆ తరువాత ఒకటి రెండు రోజులకు, అంటే విదియ, తదియలకు. అష్టమి దరిదాపులలో నీరు మందకొడిగా ఉంటుంది, మేము పట్టాలనుకున్న పెద్ద పార చేపలు కూడా అంతే మందకొడిగా ఉంటాయి. చంద్రుడి లెక్కలు తిథులలో చెప్పగలిగిన మనిషి ఉంటే ఫోనులో పోటు పట్టికలు వెతుక్కునే పని ఉండదు.

మేము వెళ్లినది పెద్ద పార కోసం. ఆంగ్లంలో జెయింట్ ట్రెవల్లీ అనీ, ఈ ఆటలో ఉన్నవారు క్లుప్తంగా జీటీ అనీ పిలిచే చేప ఇదే. మన తీరంలో బజారుకు వచ్చే చిన్నాపెద్దా పారలకు ఇది పెదనాన్న వరస. హిందూ మహాసముద్రంలోను, పసిఫిక్‌లోను పగడపు దిబ్బల అంచులలో తిరుగుతుంది. నిటారైన నుదురు, వెడల్పైన గట్టి దవడ, తోక మొదట్లో గరుకైన పొలుసుల వరుస దీని గుర్తులు. గాలంతో పట్టిన వాటిలో ప్రపంచ రికార్డు బరువు 72.8 కిలోలు, 2006లో జపాన్ దక్షిణాన తొకారా దీవుల దగ్గర పట్టినది. అండమాన్‌లో అంతటివి కాకపోయినా, మనిషి నడుము విరిచే స్థాయివి తగినన్ని ఉన్నాయి. అందుకే దేశంలో ఈ ఆట అనగానే ముందుగా ఈ దీవుల పేరే వినిపిస్తుంది. అక్కడ ఈ ఆటకు అద్దెకు తిరిగే చార్టర్ బోట్లు చాలావరకు పారను పట్టి వదిలేసే పద్ధతినే పాటిస్తాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకు రేవు దాటాము. అండమాన్ మనకన్నా బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం ఒకటే కావడం వల్ల, మార్చి నెలాఖరులో అయిదుంబావుకే సూర్యుడు వచ్చేస్తాడు, కాబట్టి అక్కడ నాలుగున్నర అంటే మరీ అకాలమేమీ కాదు. లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాము, అన్న రేడియోను ఆపద పిలుపులకు వాడే 16వ ఛానెల్‌లో పెట్టి గొంతు సరిచూసుకున్నారు, ఐసు పెట్టె మీద పండుగ పులిహోర డబ్బా ఎక్కింది. తూర్పున షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్ దీవి) దిక్కుగా సాగాము. అటు ఉత్తరాన హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్, అవుట్రం దీవుల చుట్టూ రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్కు ఉంది, దక్షిణాన వండూరు వైపు 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు ఉంది. ఆ రెండింటి హద్దులలోను చేపల వేట నిషిద్ధం. ఈ రెండింటికీ బయట, తెరిచిన సముద్రంలో మునిగి ఉన్న ఒక దిబ్బ మా గమ్యం.

ఆ దిబ్బ పైకి ఏమీ కనిపించదు. ఫిష్ ఫైండర్ తెర మీద ఎనభై మీటర్ల లోతు చూపుతున్న గీత ఒక్కసారిగా నిలువునా లేచి పదిహేను మీటర్ల దగ్గర ఆగుతుంది, అంతే. కానీ తెర చూడకముందే అన్న ఇంజిన్ల వేగం తగ్గించారు. పోటు నీరు లోతులో నుంచి వచ్చి ఆ గోడను తాకి పైకి ఎగదన్నుతుంది కాబట్టి, దిబ్బ మీద నీటి పైపొర చుట్టుపక్కల నీటిలాగా ఉండదు. ఒకచోట నూనె పోసినట్టు నున్నగా, దాని అంచున చిన్న చిన్న నిలువు అలలతో గజిబిజిగా కనిపిస్తుంది. ఎగదన్నిన నీటితో పాటు చిన్న చేపల గుంపులు పైకి వస్తాయి, నీరు వచ్చే వైపున పారలు వాటి కోసం కాచుకుని ఉంటాయి. అందుచేత పడవను దిబ్బ మీద లంగరు వేసి నిలపరు. నీటికి ఎగువన చాలా దూరంలో ఇంజిన్లు ఆపేసి, ప్రవాహంతో పాటు దిబ్బ అంచు వెంబడి కొట్టుకుపోనిస్తారు. దాటిపోగానే మళ్లీ దూరంగా చుట్టి ఎగువకు వెళతారు. దిబ్బ మీదుగా ఇంజిన్ మోతతో తిరిగిన బోటు ఆ పూటకు అక్కడి పని చెడగొట్టినట్టే.

ఇక సరంజామా. నా రాడ్ ఎనిమిది అడుగులది. రీలులో పీఈ పది నంబరు అల్లిక లైను (పీఈ అంకె పెరిగినకొద్దీ లైను మందం, బలం పెరుగుతాయి), దానికీ ఎరకూ మధ్య చూపుడు వేలితో మీటితే మోగేంత బిరుసైన నైలాన్ తునక, అంటే లీడర్ ఉన్నాయి. మిత్రుడి రీలులో పీఈ నాలుగు. ఇంత తేడాగల రెండు రాడ్లు ఒకే చేప కోసం ఒకే పడవలో ఉండడం చూసి అన్న ఏమీ అనలేదు, మా ఇద్దరిలో ఎవరిది దురాశో తేల్చుకోవడానికి ఆయనకు తొందర లేదు. అల్లిక లైనుకు లీడరును కలిపే ఎఫ్‌జీ ముడిని నేను ముందు రోజు రాత్రే వేసుకున్నాను. ఇందులో లీడరుకు ముడి ఉండదు, దాని చుట్టూ సన్నని అల్లిక లైను ఒకసారి పై నుంచి, ఒకసారి కింది నుంచి ఇరవై సార్లకు పైగా చుట్టుకుని, లాగినకొద్దీ బిగుసుకుంటుంది. సరిగా బిగిసిన ముడి రంగు కొంచెం ముదురుతుంది, చుట్ల మధ్య సందు కనిపించదు, రాడ్ కడియాలలో నుంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. గోటితో గీకి చూస్తే చుట్టు కదిలిందంటే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టవలసిందే. ఆ తరువాత రీలు డ్రాగును, అంటే చేప ఎంత బలంతో లాగితే లైను జారాలో నిర్ణయించే బిగింపును, స్ప్రింగు త్రాసుకు కట్టి లాగి పన్నెండు కిలోలకు సరిచేశాను. మిత్రుడిది అయిదు దాటలేదు. అంతకు మించి బిగిస్తే సన్నని లైను తెగే ప్రమాదం పెరుగుతుంది.

పాపర్ అంటే చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన, ముఖం దగ్గర గిన్నెలా లోపలికి తొలిచిన ఎర. నా దాని బరువు నూట యాభై గ్రాములు. దానిని చేతనైనంత దూరం విసిరి, రాడ్‌ను నడుము పక్కగా ఒక్క ఊపున వెనక్కి లాగితే, ఆ గిన్నె నీటిని ముందుకు చిమ్ముతూ ధబ్‌మని మోగుతుంది, వెనక బుడగల చార మిగులుతుంది. వదులైన లైను చుట్టుకోవడం, మళ్లీ ఊపడం. పైకి సులువుగా కనిపించే ఈ పని అరగంట చేసేసరికి భుజాలు పట్టేస్తాయి. పది విసుర్లలో తొమ్మిదింటికి ఏమీ జరగదు. ఈ ఆట గురించి వచ్చే వీడియోలలో ఆ తొమ్మిదింటినీ కోసేస్తారు కాబట్టి కొత్తవారు చాలా అపోహతో వస్తారు.

మొదటి పార మిత్రుడికే తగిలింది. పాపర్ వెనక నీరు ఉబ్బి, నల్లని వీపు ఒకటి అడ్డంగా తిరిగి, పాపర్ కనిపించకుండా పోయింది. రీలు గీపెట్టింది. పారకు అలవాటైన విద్య ఒకటే, గాలం తగిలిన మరుక్షణం తలకిందులుగా దిబ్బ గోడ వైపు దిగి, పగడాలకు లైనును రాసి తెంపుకోవడం. మావాడి అదృష్టం కొద్దీ ఈ చేప లోతు వైపు పారిపోయింది, లేకపోతే తగవు అక్కడే ముగిసేది. అయిదు కిలోల బిగింపును అది లెక్కచేయకుండా నూట యాభై మీటర్ల లైను లాక్కుపోయింది. అన్న ఇంజిన్ వేసి వెంబడించారు. మిత్రుడు చుట్టుకున్నదంతా అది మళ్లీ లాక్కునేది. "చూశావా, దీన్ని అంటారు ఆట" అన్నాడు మొదటి పది నిమిషాలలో. ఆ తరువాత మాటలు తగ్గాయి. అరగంట దాటేసరికి చేప పడవ కింద పెద్ద పెద్ద చుట్లు తిరుగుతోంది, పైకి వస్తున్నకొద్దీ ఒరిగి తెల్లని పక్క చూపిస్తోంది. అప్పుడు రాడ్ మీద బరువు ఒక్కసారిగా రెట్టింపయింది, రెండు మూడు కుదుపులు వచ్చాయి, ఆపైన ఏ బరువూ లేదు. పైకి లాగితే మొప్పల దాకా తల మాత్రమే వచ్చింది, అరచేతి వెడల్పు పాపర్ ఇంకా దాని దవడకు వేలాడుతూనే ఉంది. "సొర" అని ఒక్క మాట అని అన్న ఆ తలను గాలం నుంచి విడదీశారు.

మిత్రుడి వాదన ఏమిటంటే, సొర కూడా సముద్రంలోదే, దానికీ ఆహారం కావాలి, ఇందులో మన తప్పేముంది అని. ఈ వాదన వినడానికి బాగుంటుంది గానీ నాకు నచ్చదు. సంపూర్ణ శక్తితో ఉన్న ఆ సైజు పారను సొర అంత తేలికగా అందుకోలేదు. దానిని అరగంట పాటు అలిసేలా చేసి, పారిపోయే దారి లేకుండా కట్టి అందించినది మనం. ఒకవేళ సొర రాకపోయినా కథ పెద్దగా మారదు. గాలానికి తగులుకున్న చేప ఊపిరి అందని వేగంతో కండరాలను వాడుకుంటుంది, వాటిలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, పెనుగులాట సాగినకొద్దీ రక్తంలో సమతుల్యం చెడిపోతుంది. పైగా వెచ్చని నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఉష్ణమండల సముద్రంలో అది తేరుకోవడం ఇంకా కష్టం. వదిలినప్పుడు తోక ఆడిస్తూ వెళ్లిపోయిన చేప ఆ తరువాత కొన్ని గంటలకు చనిపోవచ్చు, అది మన ఫొటోలో కనిపించదు. పార సుమారు అరవై సెంటీమీటర్ల పొడవుకు వచ్చాక గానీ గుడ్లు పెట్టే ఈడుకు రాదు. మనం కోరుకునే పెద్ద చేపలన్నీ ఆ ఈడు దాటి గుడ్లు పెడుతూ సంతతిని వృద్ధి చేస్తున్నవే.

సన్నని లైను మోజుకు మావాడొక్కడినే తప్పుపట్టలేను. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ లైను తెగే బలాన్ని బట్టి రికార్డులను తరగతులుగా విభజించింది. ఒకే చేపను ఎంత సన్నని లైనుతో పడితే అంత గొప్ప అనే కొలమానానికి అది తోడ్పడింది. చేపను ఎలాగూ ఒడ్డుకు తెచ్చి త్రాసుకు వేలాడదీసే రోజులలో దానితో పేచీ లేదు, ఎందుకంటే ఆ చేప ఆఖరికి చచ్చేదే. వదిలే చేపకు కూడా అదే కొలమానం వాడడం దగ్గరే నాకు అభ్యంతరం. అదే సంస్థ 2011లో, కొలిచి ప్రాణంతో వదిలిన చేపలకు పొడవును బట్టి రికార్డులు ప్రవేశపెట్టింది. ఈ సంగతి పడవలో చెప్పాను. "రికార్డు కోసం వచ్చామా ఏంట్రా ఇప్పుడు?" అని మాట మార్చాడు.

పోటు ముగిసే ముందు, ఆఖరి జోరులో, నా పాపర్ మీదికి ఒకటి వచ్చింది. ఇందులో చెప్పుకోదగిన వీరోచితమేమీ లేదు. అది దిబ్బ వైపే దిగింది. పన్నెండు కిలోల బిగింపు మీద రాడ్ పిడిని పొత్తికడుపు దగ్గరి బెల్టులో దించి, మోకాళ్లు వంచి, దాని తలను తిప్పేదాకా ఒక్క మీటరు కూడా ఇవ్వకుండా నిలబడడమే పని. తల తిరిగాక సగం యుద్ధం అయిపోయినట్టే. ఆరేడు నిమిషాలలో పడవ పక్కకు వచ్చింది. అన్న చేతికి గ్లవ్ తొడుక్కుని తోక మొదలు పట్టుకున్నారు. గాలానికి ఎదురుముల్లు లేకుండా ముందే నొక్కి ఉంచాము కాబట్టి శ్రావణంతో ఒక తిప్పు తిప్పగానే ఊడి వచ్చింది. కొలబద్ద మీద తోక చీలిక దాకా మీటరుకు నాలుగు వేళ్లు ఎక్కువ. బరువు ఇరవై కిలోలు దాటి ఉంటుంది. ఒక్క ఫొటో తీసి, తల ముందుకు ఉండేలా నీటిలో పట్టుకున్నాము. అన్న ఇంజిన్‌ను నడక వేగానికి తెచ్చారు, నోటిలో నుంచి నీరు మొప్పల మీదుగా పారసాగింది. రెండు నిమిషాలు కాకుండానే అది మోచేతి దాకా నీళ్లు చల్లి నా పట్టు విడిపించుకుని కిందికి పోయింది. ఈ ముగింపు కోసమే బరువైన సరంజామా మోయాలంటాను.

ఎండ ముదిరాక పారలు లోతుకు పోయాయి. నీటి కదలిక ఆగే ఆ వ్యవధిలో పులిహోర తిని, దిబ్బ బయటి వాలులో జిగ్గులు, అంటే లోతుకు దించి పైకీ కిందికీ ఆడించే బరువైన లోహపు ఎరలు, దింపాము. తొంభై మీటర్ల లోతు నుంచి ఒక ఎర్రని స్నాపర్ వచ్చింది. అంత లోతు నుంచి త్వరగా పైకి తెస్తే దాని పొట్టలోని గాలితిత్తి ఉబ్బి, కడుపు నోటిలో నుంచి బయటికి పొడుచుకొస్తుంది, కళ్లు ఉబ్బుతాయి. ఇక్కడ బరువైన లైను వాదం నన్ను కాపాడదని మిత్రుడు ఎత్తిపొడిచాడు. ఆ మాట నిజమే. త్వరగా తేవడం పైపొర చేపకు మేలు, లోతు చేపకు కీడు. అటువంటి దానిని నీటి మీద వదిలితే గాలిబుడ్డలా తేలుతుంది తప్ప దిగలేదు. కింది పెదవికి బరువు కట్టిన ఎదురుముల్లు లేని కొక్కెం తగిలించి, తాడుతో తిరిగి లోతుకు దించి, అక్కడ ఒక్క గుంజుతో విడిపించాలి. అలాగే చేశాము, కానీ జిగ్గులు మళ్లీ దింపలేదు. వదలాలనుకున్న వేళ తొంభై మీటర్లలో వేట చేయకపోవడమే మేలన్నది అప్పటిదాకా ఇద్దరమూ ఒప్పుకున్న ఏకైక విషయం.

తిరుగు ప్రయాణంలో, వెనక ఎరలు లాగుతూ వస్తుండగా మిత్రుడి సన్నని లైనుకు కోనాం తగిలింది. మిగతా జిల్లాల వారికి వంజరం అంటే తెలుస్తుంది. బ్లేడులాంటి దాని పళ్లకు నైలాన్ ఆగదు, ఎర ముందు జానెడు ఉక్కు తీగ ఉండాలి. ఇక్కడ నేను నా పక్షం వదిలేసి వాడి పక్షం చేరాను. వంజరం తెరిచిన నీటిలో అడ్డంగా పరుగెత్తుతుంది, తెంపుకోవడానికి దిబ్బలు ఏవీ లేవు. దవడ మెత్తన, పన్నెండు కిలోలు బిగిస్తే గాలం చీల్చుకుని పోతుంది. అన్నిటికీ మించి అది చేతులలో ఎంతోసేపు నిలిచే చేప కాదు, మేము దానిని వదలబోవడమూ లేదు. వాడు చక్కగా, తొందర లేకుండా ఆడించాడు, నాకు అసూయ పుట్టేంత చక్కగా. ఏడు కిలోలపైన ఉంటుంది. అన్న పడవలోకి తీయగానే తల వెనక ఒక్క పోటు పొడిచి, మొప్పల దగ్గర కోసి రక్తం వార్చి, సముద్రపు నీరు కలిపిన ఐసులో నిలువునా ముంచారు. "రక్తం పోకపోతే ముక్క నల్లబడతాది, నీసు కొడతాది" అన్నారు. బజారులో మనకు దొరికే వంజరానికి ఈ మర్యాద అరుదుగా దక్కుతుంది.

జంగ్లీఘాట్‌లో మంచినీళ్లతో రాడ్లు, రీళ్లు కడిగి, డ్రాగులు వదులు చేసి ఆరబెట్టేసరికి చేప మూడు వాటాలైంది. తల, తోక వైపు ముక్కలు పులుసుకని అన్న ఇంటికి వెళ్లాయి, ఆ పులుసులో వాటా తినడానికి మేమూ వెనకాలే వెళ్లాము. అక్కడ భోజనాల దగ్గర తగవుకు ఒక రాజీ కుదిరింది. వదలాల్సిన పారకు పీఈ ఎనిమిదికి తక్కువ లైను పడవ ఎక్కకూడదు, తినదలచుకున్న వంజరానికి వాడి ఇష్టం వచ్చినంత సన్నది వాడుకోవచ్చు. సొర విషయంలో మాత్రం వాడు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. వచ్చే జనవరిలో, అమావాస్య దాటిన తదియకు అదే బోటు మాట్లాడుకున్నాము. ఈసారి అడ్వాన్సు వాడే ఇచ్చాడు.